విశాఖకు గోదావరి జలాలు: నాటి పథకానికి సలహాదారు అమెరికా ఇంజనీరు సావేజ్

విశాఖపట్నం: ముంగిట సముద్రం ఉన్నా విశాఖకు జీవనది లేదు. ఎండాకాలం వచ్చిందంటే బిందెలు బారులు తీరే వాడలు నగరంలో ఉన్నాయి. ఉక్కు కర్మాగారానికి సైతం సుమారు 150 కిలోమీటర్ల దూరం నుంచి ఏలేరు కాలువ ద్వారా నీరు రావాలి.

ఈ కొరతకు గోదావరే దిక్కని 1940 దశకంలోనే పెద్దలు తలచారు. పోలవరం వద్ద జలాశయం కట్టి, ఎడమ కాలువను విశాఖ వరకు తేవాలని నాటి మద్రాసు ప్రభుత్వ చీఫ్ ఇంజనీరు ఎల్. వెంకటకృష్ణ అయ్యర్ ప్రతిపాదించారు. నిలిచిన నీరు భద్రాద్రి రాముని పాదాల వరకు వస్తుందని దానికి రామపాదసాగర్ అని పేరు పెట్టారు. ఆ పథకంపై సలహాకు పిలిచిన విదేశీ నిపుణులలో జాన్ లూషన్ సావేజ్ ఒకరు.

సావేజ్ 1879 డిసెంబరు 25న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో కుక్స్‌విల్ అనే పల్లెలో జన్మించారు. 1903లో ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని ప్రభుత్వ సాగునీటి శాఖలో చేరారు. మధ్యలో కొన్నేళ్లు బయట పనిచేసి తిరిగి అదే శాఖకు వచ్చారు. 1924 నుంచి 1945 వరకు ఆ శాఖలో డిజైన్ల ప్రధానాధికారి ఆయనే. 726 అడుగుల ఎత్తయిన హూవర్ డ్యాం, గ్రాండ్ కూలీ, శాస్తా డ్యాములు ఆయన పర్యవేక్షణలో రూపొందాయి. హూవర్ డ్యాంలో పోసిన కాంక్రీటు వేడికి పగుళ్లివ్వకుండా లోపల గొట్టాలు పరచి చన్నీళ్లు పారించారు. మన దేశంలో భాక్రా డ్యాంకు కూడా ఆయన సలహాలిచ్చారు. 1944లో చైనా వెళ్లి యాంగ్సీ నదిపై భారీ డ్యాంకు నివేదిక తయారుచేశారు. అక్కడ పని మొదలైంది 1994లో. అప్పటికి సావేజ్ కన్నుమూసి 27 ఏళ్లయింది.

పోలవరంలో చిక్కు నీటితో కాదు, అడుగుతో. నది గర్భంలో ఇసుక మేట వంద అడుగులకు మించి ఉంది. గట్టి రాయి దాని కింద ఎక్కడో ఉంది. రామపాదసాగర్ అంచనా 1946-47 నాటికి 129 కోట్ల రూపాయలకు చేరింది. పథకం కాగితాలకే పరిమితమైంది.

పోలవరాన్ని 2014లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించారు. విశాఖ నగర తాగునీటికి, పరిశ్రమలకు 23.44 టీఎంసీలు కేటాయించారు. కాని పాత చిక్కు మళ్లీ ఎదురైంది. ఇసుక గుండా నీరు ఊరిపోకుండా రాతి వరకు దింపిన డయాఫ్రం వాల్ వరదల కోతకు దెబ్బతిన్నది. 2025 జనవరిలో కొత్త గోడ పని చేపట్టవలసి వచ్చింది.

కాలువ గట్టును ఎంత ముందుగా పూర్తిచేసినా, నది అడుగున ఆ గోడ నిలిస్తేనే విశాఖ కుళాయికి ధీమా. విశాఖ దాహం తీర్చడానికి ఊళ్లు వదులుకుంటున్న మన్యం గిరిజనులకు పునరావాసం కూడా అంత గట్టిగానూ జరగాలి.