ముద్దుపెట్టుకొన్న ఓర్పా, హత్తుకొన్న రూతు

నేటి ధ్యానమునకు రూతు గ్రంథము 1వ అధ్యాయము తెరవండి.

భర్తను, ఇద్దరు కుమారులను పరదేశములో పోగొట్టుకొన్న నయోమి బేత్లెహేముకు తిరిగి వస్తున్నది. 14వ వచనమును గమనించండి. ఓర్పా అత్తను ముద్దుపెట్టుకొని వెళ్లిపోయింది. రూతు ఆమెను హత్తుకొని ఉండిపోయింది. ముద్దుపెట్టుకోవడము కూడా ప్రేమే; కాని హత్తుకొని ఉండడము బంధుత్వము. బేత్లెహేములో రూతు పరిగె ఏరి తెచ్చి నయోమిని పోషించింది. ఆ ఊరి ఆచారము తెలియని రూతుకు నయోమి దారి చూపింది. ఒకరు లేక మరొకరు బ్రతికేవారు కారు.

ప్రియులారా, మనవారి చరిత్రలోను ఇటువంటి బంధమున్నది. 1879 నుండి 1916 వరకు సుమారు 60,000 మంది భారతీయులను ఐదేళ్ల ఒప్పందముపై ఫిజీ దీవుల చెరకు తోటలకు ఓడలలో తీసుకొనివెళ్లారు. 1903 నుండి మద్రాసు రేవులో ఎక్కినవారిలో తెలుగువారును ఉన్నారు. ఊరు వేరు, కులము వేరు, భాష వేరు. అయినను ఒకే ఓడలో ప్రయాణించినవారు ఒకరినొకరు 'జహాజీ భాయి', అనగా ఓడ సహోదరుడు, అని పిలుచుకొన్నారు. తోడబుట్టినవారు సముద్రము అవతల ఉండిపోగా, కష్టసుఖాలలో నిలిచినది ఈ సహోదరులే.

నేడు గల్ఫ్ దేశములలోను అంతే. అక్కడ మనవాడొకడు కన్నుమూస్తే, మరణ ధ్రువపత్రము, పాస్‌పోర్టు రద్దు, ఎంబసీ అనుమతి పూర్తయితేనే శవపేటిక విమానమెక్కుతుంది. ఆ కాగితముల కొరకు ఎవరు తిరుగుతారు? చాలాసార్లు ఒకే గదిలో ఉన్న స్నేహితుడే, తన దినము కూలి పోగొట్టుకొని. ఇక్కడ ఏడ్చే తల్లికి అతని ముఖమైనా తెలియదు. అయినను ఆమె కుమారునికి అతడు అన్న అయ్యాడు.

ఇప్పుడు మన సంగతి ఆలోచిద్దాము. మన ఊరి ఇటుక బట్టీలకు ఒడిశానుండి కుటుంబములు వస్తున్నవి. ఆదివారము గుడిలో కనబడితే వందనము చెప్పుతాము. మంచిదే, కాని అది ఓర్పా ముద్దు. అర్ధరాత్రి వారి బిడ్డకు జ్వరము వస్తే ఎవరి తలుపు తట్టగలరు? మన బిడ్డలకు పరదేశములో ఒక అన్న దొరకాలని ప్రార్థించే మనము, మన వాకిట ఉన్న పరదేశికి అన్నగా ఉన్నామా?

మోయాబీయురాలైన రూతును ప్రభువు తన వంశావళిలో చేర్చుకొన్నాడు. ఆయన మనకును హత్తుకొనే హృదయమును దయచేయును గాక. ఆమేన్.