అల్పాయువు, అనల్పకీర్తి: ఎర్నీ డేవిస్

కురుకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుని కౌశలాన్ని కన్నులారా చూచిన సభ చివరకు అతనిని అడిగినది విద్యను గూర్చి కాదు, కులాన్ని గూర్చి. ఆ ప్రశ్నకు కర్ణుడు తల వంచుకొన్న ఘట్టం మన విద్యార్థులకు కొత్తది కాదు. ప్రతిభకు చప్పట్లు కొట్టి, ప్రతిభావంతుణ్ణి మాత్రం పంక్తికి దూరంగా ఉంచడం ఏ ఒక్క దేశానికో, ఏ ఒక్క యుగానికో పరిమితమైన దోషం కాదు. ఇరువదవ శతాబ్ది నడుమ అమెరికాలో అటువంటి సభనే ఎదుర్కొన్న విద్యార్థి ఒకడున్నాడు. అతడు సిరక్యూజ్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ వీరుడు ఎర్నీ డేవిస్. అతడు జీవించినది 23 సంవత్సరాలు మాత్రమే.

డేవిస్ 1939 డిసెంబరు 14వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని న్యూ సేలం అనే చిన్న ఊరిలో జన్మించాడు. తండ్రి నీడ ఎరుగని బిడ్డ. బొగ్గుగనులకు పేరొందిన యూనియన్‌టౌన్ ప్రాంతంలో మాతామహుల యింట పెరిగాడు. బాల్యంలో అతనికి నత్తి ఉండేది. అయితే మాటకు తడుముకొనే ఆ బాలుడు మైదానంలో అడుగిడితే తడబాటు ఎరుగడు. 12వ ఏట న్యూయార్కు రాష్ట్రంలోని ఎల్మైరా పట్టణానికి, తల్లి వద్దకు చేరాడు. అక్కడి ఉన్నత పాఠశాలలో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటలు రెండింటా అగ్రగణ్యుడై నిలిచాడు.

అమెరికా ఫుట్‌బాల్ మన కాలిబంతి వంటిది కాదు. కోడిగ్రుడ్డు వలె కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తడం, దూరానికి విసరడం అందులో ప్రధానం. జట్టుకు 11 మంది. ప్రత్యర్థులు మీదపడి నేలకూల్చకముందే 100 గజాల మైదానంలో బంతిని అవతలి కొన దాటించాలి. దాటిస్తే 6 పాయింట్లు. దానిని టచ్‌డౌన్ అంటారు. నాలుగు యత్నాలలో 10 గజాలు ముందుకు సాగలేని జట్టు బంతిని వదులుకోవాలి. కనుక బంతితో పరుగెత్తేవాడు యత్నానికి సగటున నాలుగు గజాలు గెలిచినా మెప్పు పొందుతాడు. కళాశాల జీవితంలో డేవిస్ సాధించిన సగటు 6.6 గజాలు!

అనేక విశ్వవిద్యాలయాలు ఆహ్వానించినా, అతడు సిరక్యూజ్‌ను ఎన్నుకొన్నాడు. అక్కడ అంతకుముందే ఖ్యాతి గడించిన నల్లజాతి క్రీడాకారుడు జిమ్ బ్రౌన్ ప్రోత్సాహం అందుకు ఒక కారణం. బ్రౌన్ ధరించిన 44 సంఖ్య చొక్కాయే డేవిస్‌కు లభించింది. ఆ సంఖ్య బరువును అతడు అవలీలగా మోశాడు. మూడు సీజన్లలో 2,386 గజాలు పరుగెత్తి, 35 టచ్‌డౌన్లు సాధించి, బ్రౌన్ నెలకొల్పిన ప్రమాణాలను దాటాడు. అతడు ప్రధాన జట్టులో చేరిన 1959వ సంవత్సరంలోనే సిరక్యూజ్ ఒక్క ఓటమి లేకుండా జాతీయ విజేత అయింది.

ఆ సీజనుకు చివరి ఆట 1960 జనవరి 1వ తేదీన టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ నగరంలో జరిగింది. ప్రత్యర్థి టెక్సాస్ విశ్వవిద్యాలయం. ఆనాటి ఆ జట్టులో ఒక్క నల్లజాతివాడు లేడు. తొడ కండరం నొప్పితోనే డేవిస్ బరిలోకి దిగాడు. ఆట మొదలైన కొద్దిసేపటికే సహచరుడు విసరిన బంతిని అందుకొని పరుగెత్తి 87 గజాల టచ్‌డౌన్ సాధించాడు. సిరక్యూజ్ 23-14 తేడాతో గెలిచింది. ఉత్తమ క్రీడాకారుడు డేవిస్ అని ప్రకటించారు. ఆ రాత్రి విందు సభ ఏర్పాటయింది. బహుమతి అందుకోవచ్చునట, అనంతరం జరిగే వేడుకలో మాత్రం నల్లజాతివారికి తావు లేదట! హస్తినాపురపు సభ మరొక వేషంలో డల్లాస్‌లో కొలువుదీరింది. డేవిస్, అతని యిద్దరు నల్లజాతి సహచరులు ఆ భవనం విడిచి వెళ్లవలసివచ్చింది. పగలు జయజయధ్వానాలు విన్న చెవులు రాత్రికి ఆ మాట విన్నాయి.

అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో అత్యున్నత పురస్కారం హైస్మన్ ట్రోఫీ. 1935లో ఆరంభమైన ఆ పురస్కారం 26 సంవత్సరాలపాటు ఒక్క నల్లజాతి విద్యార్థిని వరించలేదు. 1961లో 27వ పురస్కారం డేవిస్‌ది. అదే రోజులలో న్యూయార్కు వచ్చిన అధ్యక్షుడు కెన్నెడీ అతనిని కలిసి, కరచాలనం చేసి అభినందించాడు.

అనంతరం వృత్తి క్రీడాకారుల ఎంపికలో దేశం మొత్తం మీద ప్రథమ స్థానం డేవిస్‌కే దక్కింది. నల్లజాతివానికి ఆ స్థానం దక్కడం అదే మొదలు. ఎన్నుకొన్నది వాషింగ్టన్ జట్టు. నల్లజాతివారిని చేర్చుకోకుండా చిట్టచివరి వరకు భీష్మించిన జట్టు అదే కావడం విచిత్రం! ఆ జట్టు ఆడే కొత్త క్రీడామందిరం ప్రభుత్వ భూమిపై వెలసినది. కనుక వర్ణవివక్ష విడనాడితేనే అక్కడ ఆడనిస్తామని 1961లో ఆంతరంగిక శాఖామంత్రి స్ట్యూవర్ట్ యూడాల్ హెచ్చరించాడు. ఆ ఒత్తిడికి తలవంచిన వాషింగ్టన్ డేవిస్‌ను ఎంపిక చేసి, అతనికి బదులుగా బాబీ మిచెల్ అనే మరొక నల్లజాతి క్రీడాకారుణ్ణి క్లీవ్‌లాండ్ జట్టు నుంచి తీసుకొన్నది. అంతకుముందు జిమ్ బ్రౌన్ చేరిన జట్టు క్లీవ్‌లాండే. గురుతుల్యుడైన బ్రౌన్ ప్రక్కన డేవిస్ పరుగెత్తే శుభదినం కోసం అభిమానులు ఎదురుచూచారు.

ఆ దినం రాలేదు. 1962 వేసవిలో శిక్షణ శిబిరంలో ఉండగా డేవిస్ అస్వస్థుడయ్యాడు. వైద్యులు రక్తక్యాన్సరుగా గుర్తించారు. ఆగస్టులో క్లీవ్‌లాండ్ క్రీడామందిరంలో దీపకాంతి వెంటరాగా అతడు మైదానంలోకి వచ్చినప్పుడు వేలాది ప్రేక్షకులు లేచి నిలిచారు. క్లీవ్‌లాండ్ మైదానంలో అతని దర్శనం అదొక్కటే. వ్యాధి స్వరూపం అతనికి తెలియజేసినది ఆ తరువాతనే. కొంతకాలం వ్యాధి తగ్గుముఖం పట్టగా మరల ఆడాలని ఉబలాటపడ్డాడు, అది నెరవేరలేదు. వృత్తి క్రీడాకారుడుగా అతడు ఒక్క ఆటయినా ఆడలేదు.

అటువంటి స్థితిలో, 1963 మార్చిలో, ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ పత్రికలో డేవిస్ పేర ఒక వ్యాసం వెలువడింది. తాను దురదృష్టవంతుణ్ణి కాననడమే దాని శీర్షిక. లోకం జాలిపడుతున్న వేళ, ఆ జాలిని వినయంగా తిరస్కరించిన యువకుని కంఠం అది. రెండు నెలలకే, 1963 మే 18వ తేదీన, అతడు కన్నుమూశాడు.

ఎల్మైరాలోని ఉడ్‌లాన్ శ్మశానవాటికలో అతనిని సమాధి చేశారు. మహారచయిత మార్క్ ట్వేన్ సమాధి కూడా అక్కడిదే. ఒక్క ఆట ఆడకపోయినా, అతనికి కేటాయించిన 45 సంఖ్యను క్లీవ్‌లాండ్ జట్టు మరెవ్వరికీ ఇవ్వరాదని నిశ్చయించింది. ఎల్మైరాలో ఒక పాఠశాలకు అతని పేరు పెట్టారు. 1979లో కళాశాల ఫుట్‌బాల్ కీర్తిమందిరంలో అతనికి స్థానం లభించింది.

వీటన్నింటికంటె జీవమున్న స్మారకం మరొకటి ఉన్నది. మరణానికి కొద్ది నెలలు ముందు డేవిస్ ఫ్లాయిడ్ లిటిల్ అనే కుర్రవాణ్ణి కలిసి, సిరక్యూజ్‌లో చేరవలసినదని కోరాడు. లిటిల్ మాట ఇచ్చాడు. డేవిస్ మరణవార్త విన్నాక ఆ మాట నిలుపుకొని, అదే 44 సంఖ్య ధరించి ఖండాంతర ఖ్యాతి గడించాడు. విందులో చోటు ఇవ్వనివారి పేర్లు నేడెవరు తలుస్తున్నారు? ఒకరి నుంచి అందుకొన్న చొక్కాను మాపు లేకుండా మరొకరికి అందించిన ఆ యువకుణ్ణి లోకం తలుస్తూనే ఉన్నది. అతడు దురదృష్టవంతుడు కాడు.