కంప్యూటరు పంకాలు – వాని చప్పుడు

మా పాఠశాల గ్రంథాలయమున కిటికీ ప్రక్కను పాత కంప్యూటరొకటి గలదు. చూపులేని విద్యార్థి యొకడు ప్రతిదినము సాయంకాలము దాని యెదుట గూర్చుండి పాఠములు వినును. తెరపైనున్న యక్షరములను చదివి వినిపించు ఎన్.వి.డి.ఎ. యను ఉచిత సాధనము దానిలో నమర్చియున్నాము. పదవతరగతి పరీక్షలకు నెలదినములు మాత్రమే యున్నవనగా ఆ బాలుడు మాయొద్దకు వచ్చి, “మాష్టారూ, ఫ్యాను మోత పెట్టినప్పుడల్లా మాట తెలియటం లేదండీ. ‘ప’యో ‘బ’యో పోల్చుకోలేకున్నాను” అని చెప్పెను. హెడ్‌ఫోను లిచ్చి చూచితిమి. గంట గడచునప్పటికి చెవులు నొచ్చుచున్నవనియు, కలిసి చదువుకొను స్నేహితునకు వినబడుట లేదనియు వాటిని తిరిగి యిచ్చెను.

పంకాను ఆపివేసిన చప్పుడే యుండదు గదా యని తరగతిలో నొకడు సలహా చెప్పెను. అది పొసగదు. కంప్యూటరు వాడుకొను విద్యుచ్ఛక్తి దాదాపుగా అంతయు తుదకు వేడిమిగా మారును. ఆ వేడిమి వెలుపలికి పోనిచో ప్రోసెసరు కాగును. ఇంటెల్ వారి ప్రోసెసర్లలో పెక్కింటికి సుమారు 100 సెంటిగ్రేడు డిగ్రీలు హద్దు. ఆ హద్దు సమీపించినపుడు ప్రోసెసరు తనంతట తానే వేగము తగ్గించుకొనును; అప్పటికిని చల్లబడనిచో యంత్రము ఆగిపోవును.

అట్లయిన ఎంత గాలి కావలెను? ఈ లెక్కకు మన భౌతికశాస్త్ర పుస్తకమే చాలును. ఒక ఘనమీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోగ్రాములు. ఒక కిలోగ్రాము గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 1000 జౌళ్లు పట్టును. పెట్టెలో 100 వాట్ల వేడిమి పుట్టుచున్నదనుకొందము. లోనికి పోవు గాలికంటె వెలుపలికి వచ్చు గాలి 10 డిగ్రీలు మాత్రమే హెచ్చుగా నుండవలెనన్న గంటకు 30 ఘనమీటర్ల గాలి చాలును. ఆ హెచ్చు 5 డిగ్రీలు కావలెనన్న 60, రెండున్నర కావలెనన్న 120 ఘనమీటర్లు పంపవలెను. చూచితిరా, గాలిని రెట్టించిన కొలది లాభము సగము సగమగుచున్నది! ఇక మే నెలలో గదియే 40 డిగ్రీలున్నపుడు, ఎన్ని పంకాలు బిగించినను పెట్టెలోని గాలి 40కి దిగువకు రాదు.

ఈ లెక్క ముందుగా వేసికొనక మేము పొరబడితిమి. “వేగ మెంతో చల్లదన మంత” అని యొక దుకాణదారుడు చెప్పగా విని, పాతదానివలెనే 80 మిల్లీమీటర్లు గలిగి, దానికంటె వడిగా తిరుగు పంకాను తెచ్చి వెనుకవైపున బిగించితిమి. మోత హెచ్చెను. బాలుడు మమ్ము ఏమియు ననలేదు; కుర్చీని స్పీకరు దగ్గరకు జరుపుకొని కూర్చుండెను. మాకు సిగ్గు కలిగెను.

పంకాల విషయమున ఇంజనీర్లు పాటించు నియమములు కొన్ని గలవు. చుట్లు సగమైన గాలియు సగమగును. కాని అది వాడుకొను శక్తి ఎనిమిదవ వంతునకు పడిపోవును, చప్పుడు సుమారు 15 డెసిబెల్లులు తగ్గును. మరియు సమానమైన చప్పుడుగల రెండు పంకాలు ఒక్కసారి తిరిగినచో హెచ్చునది 3 డెసిబెల్లులే. కావున వడిగా తిరుగు పంకా యొకటి చేయు పనిని అట్టివే రెండు పంకాలు సగము వేగముతో చేసినచో, లెక్క ప్రకారము 12 డెసిబెల్లులు మిగులును. పెట్టె గాలికి అడ్డుపడును గనుక నిజమున లాభము తగ్గును. పరిమాణము మాట అంతకంటె గొప్పది. ఒకే తీరు రెక్కలుగల పంకాలలో 80 మిల్లీమీటర్ల దానికంటె 120 మిల్లీమీటర్లది ఒక్క చుట్టునకు మూడు రెట్లకు మించి గాలిని త్రోయును. పెద్దది మెల్లగా తిరుగుట మేలు. మా క్యాబినెట్టు ముందుభాగమున 120 మిల్లీమీటర్ల పంకాకు చోటు ఇన్నేండ్లును ఖాళీగానే యుండెను!

కొనునపుడు అట్టపెట్టెపైని డెసిబెల్లుల సంఖ్య నొక్కదానినే నమ్మరాదు. కొలిచిన దూరమును పద్ధతియు ఒక్కొక్కరివి ఒక్కొక్క తీరుగా నుండును. ఆస్ట్రియా దేశపు నాక్టువా వారు 2018లో వెలువరించిన 120 మిల్లీమీటర్ల పంకా నిమిషమునకు 2000 చుట్లతో గంటకు 102 ఘనమీటర్ల గాలి నిచ్చునని వారు ప్రకటించిరి. దాని రెక్కల కొనలకును చట్రమునకును నడుమ ఎడము అర మిల్లీమీటరే. గోధుమవన్నె చూచి పిల్లలు నవ్వుదురు గాని పనితనము మెచ్చదగినది. వెల మాత్రము మాబోటివారికి భారము. మేము అంతకంటె చౌకయైనదానిని తీసికొంటిమి. రంగురంగుల దీపములున్నవానికి సొమ్ము పోయవలదు.

దుమ్ముజల్లెడ వెనుకను, హీట్‌సింకుపైనను పెట్టు పంకాకు గాలిని ఒత్తిడితో త్రోయు శక్తి ముఖ్యము; అడ్డులేనిచోట గాలి పరిమాణము ముఖ్యము. తీగకొన నాలుగు రంధ్రములు గలదానిని కోరుడు. నాలుగవ తీగపై సెకనునకు సుమారు 25,000 మారులు వచ్చు సంజ్ఞవలన మదర్‌బోర్డు పంకా వేగమును కావలసినట్లు తగ్గించి హెచ్చించగలదు.

ఇంతకును మా మోతలో సగము పాపము దుమ్ముదే! మూత విప్పి చూడగా హీట్‌సింకు సందులలో సుద్దపొడియు నూగును దూదివలె పేరుకొనియుండెను. కుంచెతో దులుపునపుడు పంకాను వ్రేలితో కదలకుండ పట్టుకొనవలెను; గాలి యూదినపుడు అది విచ్చలవిడిగా తిరిగిన చెడవచ్చును. ప్రోసెసరుపైని ఎండిన లేపనమును తుడిచి క్రొత్తది పూసితిమి. పెద్ద పంకాను గాలి లోనికి వచ్చునట్లు ముందు బిగించి, వెనుకకు పాత పంకానే తెచ్చి వేగము తగ్గించితిమి. చట్రముమీది బాణపు గుర్తు గాలి పోవు దిక్కును తెలుపును. దానిని చూడక మొదట తలక్రిందులు చేసితిమని యొప్పుకొనుచున్నాము. పిమ్మట బయాసు అమరికలలో, 60 డిగ్రీలవరకు వేగము మారకుండ నిలిపితిమి. ఎడతెగని మెల్లని చప్పుడునకు చెవి అలవాటుపడును. హెచ్చుచు తగ్గుచు నుండునదే మనస్సును లాగును.

విద్యుత్తు నందించు డబ్బాలోని చిన్న పంకా చప్పుడు మాత్రము ఇంకను మిగిలియున్నది. ఆ డబ్బాను విప్పుట ప్రమాదము. ప్లగ్గు తీసిన తరువాతను లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును. దాని జోలికి పోలేదు. బాలుడు మొదటి సాయంకాలము కొంతసేపు విని, “అది పరవాలేదండీ, ‘ప’ తెలుస్తున్నది” అని పాఠము మరల మొదటినుండి పెట్టించుకొనెను.