అత్తయ్య అల్మరాలకు కొత్త రంగు

"పీకించేసి మాడ్యులర్ కిచెన్ పెట్టించేద్దాం!" అన్నారు మావారు. నా ప్రాణం ఉసూరుమంది. అవి అత్తయ్య తన గాజులమ్మి చేయించుకున్న టేకు అల్మరాలు. పాతికేళ్ల పోపు పొగకు జిడ్డు పట్టాయి కానీ, చెక్కకు ఒక్క పుచ్చు లేదు. "ముదురు వాల్‌నట్ రంగు వేసి చూస్తా, కుదరకపోతే మీ ఇష్టం" అన్నాను.

తలుపులకు నంబర్లు వేసి ఊడదీశాను. గోరువెచ్చని సబ్బునీళ్లతో జిడ్డు వదిలించి, ఆరాక సాండ్‌పేపర్ పట్టాను. తొందరపడి పైపైన రుద్ది స్టెయిన్ వేసేసరికి మొదటి తలుపు మచ్చలు మచ్చలుగా తేలింది. ఏడుపొక్కటే తక్కువ! పాత పాలిష్ ఉన్నచోట చెక్క రంగు పీల్చుకోదు మరి. మళ్లీ మొదటికొచ్చి, 120 నంబరుతో పాలిష్ పోయేదాకా, తర్వాత 220తో నున్నగా, చెక్క గీతల వెంబడే రుద్దాను. ఈసారి ముందు ఓ మూల కొంచెం వేసి చూసుకున్నా. గుడ్డతో పలచగా పూసి, మిగిలింది వెంటనే తుడిచేశాను. అది ఆరాక ఇంకో పూత, పైన పీయూ క్లియర్ కోటు. వాసన ఘాటు, మంట తగిలితే ప్రమాదం. అందుకే పనంతా డాబా మీదే. మీ ఇంట్లోవి సన్‌మైకా అంటించినవైతే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

ఒక్క తలుపు లోపలివైపు ముట్టుకోలేదు. అక్కడ అత్తయ్య పెన్సిల్‌తో రాసుకున్న పాల లెక్కలున్నాయి. ఆవిడ పోయి మూడేళ్లు. మొన్న పప్పు డబ్బా కోసం ఆ తలుపు తీసిన మావారు, మూయకుండా అలాగే నిలబడిపోయారు. మాడ్యులర్ మాట మళ్లీ ఎత్తలేదు.