నముచి గుహ, కప్పా మడుగు

రాక్షసునకు బలమెంత అవసరమో బలహీనతయు అంత అవసరము. ఏ దేశపు కథలను పరిశీలించినను ఈ నియమము కానవచ్చును. ఇందుకు మంగళగిరి కొండయే మొదటి సాక్షి.

నముచి యను అసురుడు తడిసిన దానివలన గాని, ఎండిన దానివలన గాని తనకు చావు లేకుండునట్లు బ్రహ్మవలన వరము పొందెనని స్థలపురాణము. ఇంద్రుడు సుదర్శన చక్రమును నురుగులో ముంచి ప్రయోగించినాడు. నురుగు తడియా, పొడియా? ఆ సందేహమే అసురునకు మృత్యువైనది. గుహలో దాగిన నముచిని నృసింహస్వామి చక్రమధ్యమున నిలిచి నిశ్వాసాగ్నితో దహించెననియు, ఆ ఉగ్రత శమించుటకే స్వామికి పానకము సమర్పింతురనియు భక్తుల విశ్వాసము. నురుగుతో నముచి తల తెగిన వృత్తాంతము ఋగ్వేదముననే యున్నది. మహాభారత శల్యపర్వమునను వచ్చినది. అంతటి ప్రాచీన గాథ చేనేత మగ్గముల ఊరిలో ఒక గుహను తన ఇల్లుగా చేసికొన్నది.

ఇటువంటి చమత్కారమే జపాను జానపదులకును తోచినది. అక్కడి నదులలో, మడుగులలో 'కప్పా' యను జీవి యుండునట. పేరు విని మన పిల్లలు నవ్వవచ్చును గాని, ఆ భాషలో దానికి 'నదీ బాలుడు' అని యర్థము. వీపున తాబేటి చిప్ప, నడినెత్తిన చిన్న గుంట, ఆ గుంటలో నీరు. ఆ నీరే దాని బలము. ఎదుటివాడు వంగి నమస్కరించినచో మర్యాద తప్పని కప్పా తానును వంగును, నీరు ఒలికిపోవును, బలము నశించును. లోతు నీటికి పోవలదని పిల్లలను హెచ్చరించుటకు పెద్దలీ కథను చెప్పెడివారు. మనయిండ్లలో కొరివిదయ్యము చేసిన పనియు ఇదియే.

ఈ రెండు దేశముల భూతములకు బంధుత్వము లేకపోలేదు. బౌద్ధముతో పాటు మన గరుడుడు చైనా మీదుగా జపాను చేరి 'కరురా' యైనాడు. యక్షుడు 'యాష', రాక్షసుడు 'రసెత్సు' అయినారు. మంగళగిరికి అనతిదూరమున నున్న అమరావతి స్తూపపు శిలాఫలకములపై నాగులు, యక్షులు నేటికిని నిలిచియున్నారు. ఆ మతము నడచిన త్రోవలోనే ఆ రూపములును నడచినవి.

అయితే జపాను వారు తమ వింతజీవులను వినుటతో తృప్తిపడలేదు. తొరియామా సెకియెన్ అను చిత్రకారుడు 1776లో వానిని ఒక్కొక్కటిగా బొమ్మలు గీసి గ్రంథముగా వెలువరించినాడు. యానగిత కునియో 1910లో తోనో ప్రాంతపు పల్లె కథలను అచ్చు వేయించినాడు. మిజుకి షిగేరు 1960 నుండి 'కితారో' బొమ్మల కథలలో వానికి క్రొత్త ప్రాణము పోసినాడు. 1996లో పుట్టిన పోకెమాన్ ఆటలోని తొమ్మిది తోకల నక్క ఆ పాత కథల నుండి వచ్చినదే. నేడు గుంటూరు పిల్లవాడు కూడ దానిని గుర్తుపట్టును.

తెలుగువారును ఒకప్పుడీ పని చేసినారు. ప్రాణమును చిలుకలో దాచుకొన్న మాయల మరాఠీ 1942లో 'బాలనాగమ్మ' చిత్రమున తెరకెక్కినాడు. 1951 నాటి 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుని శక్తి గడ్డములో నున్నది. అది పోయిన వెంటనే వాని ఆటకట్టు. నముచి వరమునకు, ఈ చిలుకకు, ఈ గడ్డమునకు మూలసూత్రమొక్కటే. తెనాలి చక్రపాణి, నాగిరెడ్డిగార్లు 1947లో ఆరంభించిన 'చందమామ'లో, గుంటూరు జిల్లాకు చెందిన దాసరి సుబ్రహ్మణ్యము 1954లో 'తోకచుక్క' ధారావాహికను మొదలుపెట్టినారు. చిత్రా కుంచెనుండి మాంత్రికులు, రాక్షసులు నెలనెలా ఇంటింటికి వచ్చిరి.

ఆ పత్రిక నిలిచిపోయి పదేండ్లు దాటినది. మన భూతములకు కొదువ లేదు. వానిని గీయు చేయి, చెప్పు నోరు తగ్గినవి. పరదేశపు వింతమృగము వందల పేర్లు కంఠస్థము చేసిన బాలునకు, తన బడి కిటికీ నుండి కనబడు కొండలో దాగినవాడెవడో తెలియకపోవుట వాని తప్పు కాదు. చెప్పవలసినవారు చెప్పలేదు.

ఇందుకు ధనమక్కరలేదు. ఉపాధ్యాయులు సెలవులకు ముందు ఒక్క పని పెట్టిన చాలును: ప్రతి విద్యార్థియు ఇంటి పెద్దలనడిగి, తమ ఊరి భూతమొకదానిని వ్రాసి తేవలెను. దాని రూపమేమి? అది ఎచ్చట నుండును? దేనికి భయపడును? ప్రక్కనే బొమ్మయు గీయవలెను. మూడవ ప్రశ్నను మాత్రము మరువరాదు. దేనికిని లొంగని భూతము భయము మాత్రమే పుట్టించును. లొంగు కీలకమున్న భూతము పిల్లవానికి ఆలోచన నేర్పును. జపానులో సెకియెన్ ఆరంభించినదియు ఇట్టి పనియే: ఒక జీవి, ఒక పుట, ఒక బొమ్మ.