వరి మాగాణి మినుము – బర్మా దిగుమతులు

కృష్ణా తూర్పు డెల్టాలో గుడివాడకు, మచిలీపట్నానికి నడుమనున్న గుడ్లవల్లేరు పరిసరాల్లో సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో తగిన పదును ఉండగానే, నిలిచి ఉన్న పైరులో మినుము విత్తనం వెదజల్లడం తరతరాల ఆనవాయితీ. ఎకరాకు సుమారు 16 కిలోల విత్తనం చాలు. దుక్కి అక్కరలేదు, కాలువ నీటి కోసం ఎదురుచూడనక్కరలేదు, ఎరువుల ఖర్చు నామమాత్రం. నల్లరేగడి నేలలో మిగిలిన తేమతోను, శీతకాలపు మంచుతోను పెరిగి 75–80 రోజుల్లో పంట చేతికి వస్తుంది. పెట్టుబడి ఇంత స్వల్పం కనుక క్వింటాలు ధరలో వచ్చే ప్రతి మార్పూ దాదాపు పూర్తిగా రైతు నికరాదాయంలోనే కనిపిస్తుంది. దాళ్వాకు కాలువ నీరు రాని సంవత్సరాల్లో కుటుంబానికి రెండవ ఆదాయం ఇదే.

ఆ ధర స్థానిక దిగుబడిని బట్టి మాత్రమే నిర్ణయం కాదు. భారతదేశానికి మినుములు పంపే దేశాల్లో మొదటి స్థానం మయన్మార్‌ది. ఇటీవల బ్రెజిల్ నుండి కొంత సరుకు రావడం మొదలైనా, మినుముల వరకు మనకు ప్రధాన వాణిజ్య భాగస్వామి ఇప్పటికీ ఆ దేశమే. అక్కడ కూడా ఐరావతి డెల్టాలో, పెగూ ప్రాంతంలో వానాకాలపు వరి కోసిన మళ్ళలోనే, మిగిలిన తేమ మీదనే మినుము పండిస్తారు. నేల తీరు, పంట క్రమం, కోత కాలం అన్నీ కృష్ణా డెల్టాను పోలినవే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇక్కడి కళ్ళాల్లో మినుములు నూర్చే వేళకే రంగూన్ రేవులో సరుకు ఓడలకెక్కుతుంది. అక్కడి నుండి చెన్నైకి కొద్ది రోజుల ప్రయాణమే. ఒకప్పుడు తెలుగు కూలీలు పొట్టచేత పట్టుకొని వెళ్ళిన ‘రంగం’ ఇదే. నాడు మనుషులు వెళ్ళిన దారిలో నేడు మినుములు వస్తున్నాయి.

బర్మీయుల ఆహారంలో మినుముకు పెద్దగా చోటు లేదు. 1988 తరువాత అక్కడి ప్రభుత్వం ప్రైవేటు వ్యాపారాన్ని అనుమతించగా, భారతీయ విపణిని నమ్ముకొని అపరాల సాగు విస్తరించింది. అందువల్ల ఢిల్లీలో వెలువడే ఒక ప్రకటన గుడ్లవల్లేరు రైతును, పెగూ రైతును ఒకేసారి తాకుతుంది. ఒకరికి ఊరటనిస్తే మరొకరిని కుంగదీస్తుంది.

దిగుమతులు వర్ధమాన దేశాల ఆర్థిక వృద్ధికి తోడ్పడతాయా, అడ్డుపడతాయా అన్న ప్రశ్నకు దిగుమతి అయ్యే వస్తువును చూడకుండా సమాధానం చెప్పడం కష్టం. ఇందుకు ఇదే జిల్లాలో మరొక ఉదాహరణ ఉన్నది. తెల్లమచ్చ వ్యాధితో టైగర్ రొయ్య సాగు దెబ్బతిన్న తరువాత, 2009లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ వ్యాధిరహిత వనామి తల్లి రొయ్యల దిగుమతికి అనుమతించింది. అమెరికా నుండి తెచ్చిన తల్లి రొయ్యలు చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం దాటి హేచరీలకు చేరాయి. వాటి పిల్లలు కోస్తా చెరువులకు చేరాయి. తరువాత ఆ చెరువుల రొయ్యలకు అమెరికాయే అతిపెద్ద విపణి అయింది. అక్కడ దిగుమతి అయినది ఉత్పాదకం. అది స్థానిక ఉత్పత్తిని పెంచింది. మినుము అలా కాదు. అది రైతు అమ్మే సరుకుతోనే నేరుగా పోటీపడుతుంది. ఇడ్లీ, దోసె తినే పట్టణ వినియోగదారునికి, పప్పు మిల్లుకు అది మేలే. ఆ మేలును తక్కువ చేసి చూడరాదు. ఆ మేలు కోసం భారం మోసేది మాత్రం వేరొకరు.

అయితే దిగుమతి పరిమాణం కంటే విధానంలోని అనిశ్చితియే ఎక్కువ హాని చేసిందని గత దశాబ్దపు అనుభవం సూచిస్తున్నది. 2015లో పప్పుల ధరలు మండిపోయాయి. ఆ ధర చూసి దేశమంతటా రైతులు అపరాలు విత్తగా 2016–17లో ఉత్పత్తి 231 లక్షల టన్నులకు చేరింది. అదే సంవత్సరం 66 లక్షల టన్నులు దిగుమతి అయ్యాయి. ఫలితంగా 2017లో మినుము ధర మద్దతు ధరకు దిగువకు పడిపోయింది. 2017–18కి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ. 5,400. ఆ ఆగస్టులో కేంద్రం మినుము, పెసర దిగుమతులను కలిపి 3 లక్షల టన్నులకు పరిమితం చేయగా, మయన్మార్‌లో ధర కూలింది. 2019–20కి మినుము పరిమితి మొదట 1.5 లక్షల టన్నులు; ఖరీఫ్ పంట వానలకు దెబ్బతినడంతో డిసెంబరులో దానిని 4 లక్షల టన్నులకు పెంచారు. అప్పటికి డెల్టా మాగాణుల్లో విత్తనం పడే కాలం నడుస్తున్నది. 2021 మే 15న దిగుమతులపై ఆంక్షలు తొలగించారు. గడువు ముగిసిన ప్రతిసారీ పొడిగిస్తూ 2026 మార్చి వరకు తెచ్చారు. 2021 జూన్‌లో మయన్మార్‌తో కుదిరిన ఒప్పందం ఐదేళ్ళపాటు ఏటా 2.5 లక్షల టన్నుల మినుముకు హామీ ఇచ్చింది. అటువంటి ముందస్తు హామీ ఇక్కడి రైతుకు మద్దతు ధర రూపంలో ఉన్నది గాని, కొనుగోలు లేని చోట మద్దతు ధర కాగితానికే పరిమితం. 2025 అక్టోబరులో ప్రారంభమైన జాతీయ అపరాల మిషన్ కంది, మినుము, మసూరులను నాలుగేళ్ళపాటు పూర్తిగా కొనుగోలు చేస్తామంటున్నది. డెల్టాలో ఇది ఫలించాలంటే కొనుగోలు కేంద్రం సరుకు కళ్ళంలో ఉన్నప్పుడే, ఫిబ్రవరి చివరికల్లా, తెరుచుకోవాలి.

సాగు తగ్గడానికి దిగుమతులను మాత్రమే కారణంగా చూపడం శాస్త్రీయం కాదు. వరి కోత యంత్రాలు వచ్చాక, ముందే చల్లిన మినుము మొలకలు చక్రాల కింద నలిగిపోతున్నాయి. తెల్లదోమ వల్ల వ్యాపించే పల్లాకు తెగులు, బంగారు తీగ, ఆలస్యపు నాట్లు కూడా తోడయ్యాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచౌంగ్ తుఫాను వంటివి విత్తే అదను చెడగొడుతున్నాయి. ఇన్ని నష్టభయాలకు ధర అనిశ్చితి జతపడినప్పుడు నీటి వసతి ఉన్నవారు మాగాణి మొక్కజొన్న వైపు మొగ్గుతున్నారు. మొక్కజొన్న నీటిని, నత్రజనిని విస్తారంగా తీసుకుంటుంది. మినుము గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. చౌకగా దిగిన మినుముల లెక్కలో, రైతు తరువాత కొనే యూరియా బస్తాల ఖర్చు కనబడదు.

పరిశోధన అందించగలిగింది అందిస్తూనే ఉన్నది. లాం ఫారం నుండి ఎల్.బి.జి. 787, తిరుపతి నుండి టి.బి.జి. 104 వంటి పల్లాకు తెగులును తట్టుకునే సానరకాలు వచ్చాయి. దివిసీమకు చేరువలోని ఘంటసాల పరిశోధన స్థానం జి.బి.జి. 1ను రూపొందించింది. దిగుమతి సరుకుతో పోటీలో సాన గింజకు విపణిలో లభించే అదనపు ధర రైతుకు ఒక రక్షణ. అయితే ఆ అదనపు ధర కల్తీ లేని విత్తనానికే దక్కుతుంది. ఇంటి విత్తనాన్నే ఏళ్ళ తరబడి వాడితే రకాలు కలిసిపోతాయి. విస్తరణ శాస్త్రవేత్తలు నవంబరు శిక్షణల్లో రకాలతో పాటు ఐరావతి డెల్టాలో విత్తిన విస్తీర్ణం, రంగూన్ ధర, అమలులో ఉన్న దిగుమతి గడువు తేదీ చెప్పగలిగితే, ఎన్ని ఎకరాల్లో మినుము చల్లాలో, ఎన్ని ఎకరాలు మొక్కజొన్నకు విడవాలో రైతు వరి కోతకు ముందే తేల్చుకోగలుగుతాడు.