విద్యుత్తును మోయు సిరా

పూర్వము దీపపు మసిని తుమ్మజిగురుతో నూరి సిరా చేసెడివారు. ఆ మసియందలి రేణువులు కంటికి ఆనవు. మీటరును నూరు కోట్ల భాగములు చేసిన, అందొక భాగమునకు నానోమీటరని పేరు. మసి రేణువు అట్టివి కొన్ని పదులు మాత్రమే యుండును. ఇట్టి మసికి గ్రాఫైటు పొడిని చేర్చి చేసిన సిరాయే నేడు చక్కెరవ్యాధి పరీక్షకు వాడు అనేక పట్టీలపై ముద్రింపబడుచున్నది.

పట్టీపై రక్తపు బొట్టు పడినంతనే అందలి చక్కెరకును, అచట పూసియున్న ఎంజైమునకును చర్య జరిగి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని మీటరునకు చేర్చునది ఆ నల్లని గీతయే. గీత ఒక పట్టీపై నిండుగను, మరియొక పట్టీపై వెలితిగను ఉన్నచో ఒకే మనిషి రక్తమునకు రెండు అంకెలు వచ్చును. ఆ అంకెను బట్టియే మందు మోతాదు నిర్ణయింతురు. పట్టీని చూచి ఈ లోపమును రోగి గాని, నర్సు గాని కనిపెట్టజాలరు. కావున సిరాను ప్రయోగశాలలోనే పరీక్షింపవలెను.

మొదటి చిక్కు ఉండలు కట్టుట. సన్నని రేణువులు ఒకదానినొకటి గట్టిగా అంటుకొనును. గరిటెతో ఎంత కలిపినను విడిపోవు. ఇందులకు మూడు రోలర్ల మర కలదు. రోలర్లు మిక్కిలి దగ్గరగా, వేర్వేరు వేగములతో తిరుగుచుండగా సందులలో దూరిన సిరా నలిగి ఉండలు విడిపోవును. కల్వములో వైద్యులు మందు నూరుటయు ఇట్టిదే గాని, చేతికి ఇంత సమానత రాదు. పలుచని సిరాలకైతే చెవికి వినరాని ధ్వని తరంగములను ప్రయోగింతురు.

సిరా నలిగినదీ లేనిదీ తెలుపు సాధనము ఈ పరికరములన్నిటిలో మెచ్చదగినది. అది ఒక ఉక్కు దిమ్మె. దానిపై ఒక కొనయందు లోతుగా మొదలై, రెండవ కొనకు వచ్చుసరికి లోతు లేకుండ పోవు గాడి యుండును. లోతైన కొనలో సిరా పోసి పలకతో ఈడ్చినచో, ఉండ ఎంత పెద్దదో అంత లోతున్న చోట చార పడును. మర లేదు, కరెంటు అక్కరలేదు, కన్ను చాలును.

పిదప చిక్కదనము. శుభలేఖలు అచ్చువేయు తెర పద్ధతిలోనే ఈ గీతలను ముద్రింతురు. రబ్బరు పలక నొక్కినపుడు సిరా పలుచబడి తెర దాటవలెను. దాటిన వెంటనే పారక నిలువవలెను. సిరాలో కడ్డీని వేర్వేరు వేగములతో త్రిప్పి ఈ గుణమును కొలుతురు.

గీతను అచ్చువేసి, పొయ్యిలో ఆరబెట్టిన తరువాత నాలుగు సూదులను వరుసగా దానిపై ఆనింతురు. చివరి రెంటి ద్వారా విద్యుత్తు పంపి, నడిమి రెంటితో వోల్టేజి కొలుతురు. ఇందువలన సూది తాకిన చోట కలుగు నిరోధము లెక్కలోనికి రాదు. తుదకు జిగురు టేపు అంటించి లాగి, గీత ఊడునేమో చూతురు.

ఇంత శ్రమతో నిలిపిన గీత తేమకు అంత సులభముగా చెడదు. ముందుగా చెడునది దానిపైనున్న ఎంజైము. ఆరోగ్య ఉపకేంద్రమును దర్శించు పంచాయతీ సభ్యులు పట్టీల డబ్బా మూత బిగించియున్నదా, గడువు తేదీ దాటలేదా యని చూడవచ్చును.